అన్నను ఆడించాలా, ఆపాలా? జిల్లా బాస్కెట్‌బాల్ టీములకు ఒక లెక్క

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల... ఎక్కడి బాస్కెట్‌బాల్ టీము చూసినా అందులో ఒక అన్న ఉంటాడు. వయసు 36కూ 40కీ మధ్యలో ఎక్కడో. టీచరో, కానిస్టేబులో, బ్యాంకు ఉద్యోగో అయి ఉంటాడు. కాలేజీ రోజుల్లో అతన్ని ఆపడానికి అవతలి టీము ఇద్దరిని పెట్టేది. ఇప్పుడు మూడో క్వార్టర్ సగానికి వచ్చేసరికి నిక్కరు అంచులు పట్టుకుని వంగి నిలబడుతున్నాడు. దసరా సెలవుల్లో టోర్నీ ఉందంటే చాలు, వాట్సాప్ గ్రూపులో లిస్టు పెట్టాల్సిన కెప్టెన్‌కు టెన్షన్ మొదలవుతుంది. అన్న పేరు పైన రాయాలా, కింద రాయాలా, అసలు రాయాలా?

రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. "ఇన్నేళ్లు ఆడినోనికి ఆ మాత్రం ఇజ్జత్ ఇయ్యద్దా" అని ఒకరు. "ఎన్నేండ్లు ఆయనే, పోరగాళ్లకు చాన్స్ రావద్దా" అని ఇంకొకరు. గ్రౌండు గట్టు మీద కూర్చుని వాదించుకోవడానికి రెండూ బాగుంటాయి. లిస్టు రాయడానికి మాత్రం ఏదీ పనికిరాదు. నన్నడిగితే అన్న వయసెంత అన్నది తర్వాతి సంగతి. అతను లేకపోతే ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు, ఆ సీటు వల్ల ఆ మనిషికి ఏమొస్తుంది అన్నది ముందు చూడాలి. అది తేలిందంటే సగం పని అయిపోయినట్టే.

ముందు ఏ టోర్నీయో చూడండి

జిల్లా తరఫున రాష్ట్ర పోటీలకు వెళ్లే టీము వేరు, మనం మనం డబ్బులేసుకుని ఆడే ఓపెన్ టోర్నీ వేరు. ఒకే అన్న, ఒకే ఫామ్, అయినా ఈ రెండింటికీ జవాబు ఒకటి కాదు.

అంతర్జాతీయ రూల్స్ ప్రకారం స్కోర్‌షీట్‌లో రాసేది 12 పేర్లు. జిల్లా టీములో పేరుంటే వచ్చే సర్టిఫికెట్ డిగ్రీ చదివే కుర్రాడికి ఉత్త కాగితం కాదు. స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో అప్లై చేసేటప్పుడు ఫైలులో పైన పెట్టుకునేది అదే. అన్నకు ఉద్యోగం ఎప్పుడో వచ్చింది, అతనికి ఆ సర్టిఫికెట్లు ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్నాయి. సెలెక్షన్ ట్రయల్స్‌లో నెగ్గి ఫస్ట్ ఫైవ్‌లోనో (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో), మొదటి సబ్‌గానో నిజంగా ఆడగలిగితే ఎవరూ కాదనడానికి లేదు, సెలెక్షన్ అంటే సెలెక్షనే. పదకొండో సీట్లో, పన్నెండో సీట్లో కూర్చునే పనైతే మాత్రం అది 19 ఏళ్ల కుర్రాడి సీటు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఓపెన్ టోర్నీలో లెక్క తిరగబడుతుంది. అక్కడ కావాల్సింది ట్రోఫీ, ఎంతోకొంత క్యాష్ ప్రైజు, ఊరి పేరు. పైగా 12 మంది దొరకడమే గగనం. మన కుర్రాళ్లలో సగం మంది హైదరాబాద్‌లో ఉంటారు. నల్గొండకైనా మహబూబ్‌నగర్‌కైనా అక్కడి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. శనివారం షిఫ్టు అయ్యాక బస్సెక్కితే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఎనిమిది మందితో బరిలోకి దిగే టీముకు అన్నను తీసేసే స్తోమత ఎక్కడిది? అక్కడ ఆలోచించాల్సింది అతన్ని ఎన్ని నిమిషాలు, ఏ సమయంలో వాడుకోవాలన్నదే.

అమెరికా టీములను చూసి మనం లెక్కలు వేసుకుంటే పొరపాటు జరిగేది ఇక్కడే. మయామి హీట్ టీము యుడోనిస్ హస్లెమ్‌ను వరసగా 20 సీజన్లు ఉంచుకుంది. చివరి నాలుగు సీజన్లలో అతను కోర్టులోకి దిగిన మ్యాచ్‌లు చాలా తక్కువ. 2020-21లో ఒక్కటే. అయినా జీతమిచ్చి ఉంచుకున్నారు, డ్రెస్సింగ్ రూములో అతని మాటకున్న బరువు అలాంటిది. 2023లో 42 ఏళ్ల వయసులో ఫైనల్స్‌లో కూడా కాసేపు దిగాడు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో టీముకు పూర్తి కాంట్రాక్టు సీట్లు 15. ఆ పదిహేనో వాడు ఆడినా ఆడకపోయినా నష్టం లేదు. మన 12లో ఆడని మనిషికి ఒక సీటు ఇచ్చి, ఇద్దరికి బస్సు లేటైతే ఆ రోజు మిగిలేది తొమ్మిది మంది.

వయసుతో ఏం పోతుంది, ఏం మిగులుతుంది

ముందు పోయేవి కాళ్లు. చివరిదాకా మిగిలేది చెయ్యి. అందుకే షూటింగ్ చూసి అన్నను అంచనా వేసేవాళ్లు ఎప్పుడూ మోసపోతారు. సాయంత్రం ఒంటరిగా నిలబడి పది షాట్లు వేస్తే ఎనిమిది పడతాయి, "అన్న ఇంకా ఉన్నడురా" అంటారు. 28 మీటర్ల కోర్టులో అటూ ఇటూ పదిసార్లు ఉరికాక, మీద ఒకడు చెయ్యెత్తి నిలబడినప్పుడు ఎన్ని పడతాయన్నది వేరే ప్రశ్న.

ముప్పై దాటాక ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుందని స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్లు చెప్తారు. రోజూ గట్టిగా ప్రాక్టీసు చేసేవాళ్లకు ఆ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది. మన అన్న రోజూ చెయ్యడు, ఆదివారం వస్తాడు. అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. వారమంతా కుర్చీలో కూర్చుని ఒక్కరోజు ఒక్కసారిగా పరుగెత్తి ఆగే 30, 40 ఏళ్ల మగవాళ్లకే మడమ పైనుండే అకిలీస్ టెండన్ (పిక్క కండను మడమకు కలిపే పట్టీ) ఎక్కువగా తెగుతుంది. రోజూ శిక్షణలో ఉండే ఎన్‌బీఏ స్టార్ కోబీ బ్రయంట్‌కే 34 ఏళ్ల వయసులో, 2013 ఏప్రిల్‌లో అది తెగింది. మన కోర్టులేమో సిమెంటువి. మే నెలలో సాయంత్రం ఐదింటికి కూడా కింది నుంచి సెగ కొడుతుంటుంది. పైన సన్నటి దుమ్ము, కింద అరిగిన బూటు. మోకాలికి స్ప్రే కొట్టుకుని "ఏం గాదులే" అనే అన్నకు నిజంగా ఏమన్నా అయితే, ఆ తర్వాత స్కూల్లో ఆర్నెల్లు కుంటుతూ పాఠం చెప్పేది అతనే.

మిగిలే వాటి జాబితా కూడా చిన్నదేమీ కాదు. ఎక్కడ నిలబడాలో తెలియడం. రీబౌండ్ (తప్పిన షాట్ నుంచి తిరిగొచ్చే బంతి) ఏ వైపు పడుతుందో ముందే పసిగట్టడం. రిఫరీ ఆ రోజు ఏ ఫౌల్ ఇస్తున్నాడో, ఏది వదిలేస్తున్నాడో మొదటి ఐదు నిమిషాల్లోనే గ్రహించడం. తుంటితో అవతలివాడిని జరిపేసి బంతికి అడ్డం నిలబడటం. ఇవేవీ పరుగు మీద ఆధారపడినవి కావు. కాబట్టి మీ అన్న ఒకప్పుడు ఏ ఆటతో పేరు తెచ్చుకున్నాడో గుర్తు చేసుకోండి. ఫాస్ట్ బ్రేక్‌లో (అవతలివాళ్లు సర్దుకోకముందే దూసుకెళ్లే దాడిలో) గాల్లోకి లేచి లే-అప్ వేసేవాడైతే అతని ఆట అయిపోయినట్టే, ఒప్పుకోక తప్పదు. పాస్‌తో, బాడీతో, దూరం నుంచి షాట్‌తో ఆడినవాడైతే ఇంకో రెండు మూడేళ్లు పనికొస్తాడు. ఇద్దరిదీ ఒకే వయసైనా సరే.

నాలుగు దారులు

ఉంచడం, తీసెయ్యడం అని రెండే అనుకుంటారు కానీ నిజానికి దారులు నాలుగు.

మొదటిది, అలవాటు ప్రకారం ఫస్ట్ ఫైవ్‌లోనే దించడం. దీన్ని త్వరగా తేల్చేద్దాం. అన్న కంటే బాగా ఆడేవాడు ఇంకా తయారు కాలేదు అనుకుంటేనే ఇది సరి. పేరు కోసం, మొహమాటం కోసం చేస్తే ఏమవుతుందో లాస్ ఏంజిలిస్ లేకర్స్‌ను చూస్తే తెలుస్తుంది. కాలి గాయం నుంచి కోబీ తిరిగి కోర్టులోకి రాకముందే, 2013 నవంబరులో అతనికి రెండేళ్లకు 4 కోట్ల 85 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చారు. ఆ కాంట్రాక్టు నడిచిన రెండు సీజన్లలో టీము గెలిచింది ఒక ఏడాది 82లో 21, మరో ఏడాది 82లో 17. చివరి మ్యాచ్‌లో అతను 60 పాయింట్లు కొట్టాడు, జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ 60 కోసం వేసిన షాట్లు 50. అది వీడ్కోలు కాబట్టి చెల్లింది. మన టోర్నీ సెమీఫైనల్‌లో అన్న 20 షాట్లు వేస్తే చెల్లదు.

రెండోది, బెంచ్ మీద నుంచి తేవడం. నా ఓటు చాలాసార్లు దీనికే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

బాస్కెట్‌బాల్‌లో ఒక సదుపాయం ఉంది. ఫుట్‌బాల్‌లోలా ఒకసారి బయటికొస్తే ఇక అంతే అన్న నియమం లేదు. ఎన్నిసార్లయినా దించొచ్చు, ఎన్నిసార్లయినా లేపొచ్చు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 40 నిమిషాలు. అందులో అన్నకు 12 నిమిషాలు ఇచ్చారనుకోండి, ఆ 12ను మూడు నాలుగు ముక్కలు చెయ్యొచ్చు. మొదటి క్వార్టర్ చివర మూడు నిమిషాలు, రెండో దాంట్లో నాలుగు, ఆఖరి క్వార్టర్‌లో ఐదు. మధ్యలో మోకాళ్లు చల్లబడకుండా బెంచ్ వెనక నడుస్తూ ఉండమనాలి. కూర్చుంటే బిగుసుకుపోతాయి.

శాన్ ఆంటోనియో స్పర్స్ ఈ విద్యను ఎవరికంటే బాగా చేసి చూపించింది. 2012 నవంబరులో టిమ్ డంకన్‌తో సహా నలుగురు ముఖ్యమైన ఆటగాళ్లను మయామి మ్యాచ్‌కు ముందు విశ్రాంతి కోసం ఇంటికి పంపేశారు. లీగ్ వాళ్లకు కోపమొచ్చి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. టీము తన పద్ధతి మార్చుకోలేదు. 2013-14 సీజన్‌లో ఆ టీములో ఒక్కరి సగటు కూడా మ్యాచ్‌కు 30 నిమిషాలు దాటలేదు, అక్కడ మ్యాచ్ 48 నిమిషాలది. ఆ ఏడాది కప్పు వాళ్లదే. డంకన్‌కు అప్పటికి 38. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి 22 ఏళ్ల కవాయ్ లెనర్డ్‌కు వచ్చింది. పెద్దాయన కోర్టులోనే ఉన్నాడు, ఆట మాత్రం కుర్రాడి చుట్టూ తిరిగింది.

మనకు జరిమానా వేసేవాళ్లు లేరు. కానీ రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు పెట్టే టోర్నీలు మనవి. శనివారం లీగ్ మ్యాచ్‌లో బలహీనమైన టీము తగిలితే అన్నను అసలు దించకండి, "అన్న దిగలేదేంది" అని జనం అరిచినా సరే. ఆదివారం పొద్దున సెమీస్‌కు కాళ్లు మిగలాలి.

బెంచ్ మీద నుంచి తెచ్చే అన్నకు మన రూల్స్‌లో ఒక నీడ కూడా ఉంది, అది ఎన్‌బీఏ ముసలివాళ్లకు లేదు. అక్కడ డిఫెన్సులో ఎవరినీ కాపలా కాయకుండా బోర్డు కింద పెయింట్ గీతల లోపల మూడు సెకన్లు దాటి నిలబడకూడదు. అంతర్జాతీయ రూల్స్‌లో ఆ నిషేధం బంతి మన చేతిలో ఉన్నప్పుడు మాత్రమే. డిఫెన్సులో ఎంతసేపైనా నిలబడొచ్చు. అంటే 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, మనిషిని కాకుండా చోటును కాయడం) వేసి, వెనక వరస మధ్యలో అన్నను పెడితే అతను పరుగెత్తాల్సింది నాలుగడుగులు. నోరు మాత్రం ఆగకూడదు. "ఎడమకు జరుగు, చెయ్యి లేపు, వెనక కట్ అవుతున్నడు చూడు" అని అరుస్తూనే ఉండాలి. ముందు వరసలో ఇద్దరు కుర్రాళ్లు ఆ అరుపు విని కదులుతారు. మంచి అన్న ఉన్న జోన్‌కూ లేని జోన్‌కూ తేడా చెవులతోనే తెలిసిపోతుంది. అదే అన్నను మ్యాన్ టు మ్యాన్‌లో 20 ఏళ్ల గార్డు మీద పెట్టారో, రెండు డ్రిబుల్స్‌లో పని అయిపోతుంది.

ఆఖరి రెండు నిమిషాల సంగతి చెప్పాలి. స్కోరు దగ్గరగా ఉంటే వెనకబడిన టీము కావాలని ఫౌల్స్ చేస్తుంది. క్వార్టర్‌లో టీము ఫౌల్స్ నాలుగు దాటాయంటే ఐదో దాని నుంచి రెండేసి ఫ్రీ త్రోలు (గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్లు). ఆ సమయంలో బంతి ఎవరి చేతిలో ఉండాలి? చుట్టూ జనం అరుస్తుంటే చేతులు వణికే కుర్రాడి చేతిలోనా? ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడటానికి పరుగు అక్కర్లేదు, దమ్ము కావాలి. అన్న చెయ్యి బాగుంటే అతన్ని దింపాల్సిన నిమిషాలు ఇవే. డిఫెన్సు వచ్చినప్పుడు, సబ్ అడిగే వీలు దొరికితే, మళ్లీ కుర్రాడిని పంపండి.

మూడోది, జెర్సీ విప్పించి కోచ్‌గా కూర్చోబెట్టడం. చాలామంది దీన్నే మర్యాదైన దారి అనుకుంటారు. నాకు కొంచెం అనుమానం. ఆట తెలిసిన ప్రతివాడికీ ఆట చెప్పడం రాదు. తను కళ్లు మూసుకుని వేసే పాస్ కుర్రాడికి ఎందుకు కనిపించదో కొందరు అన్నలకు అర్థమే కాదు, తిట్లు మొదలుపెడతారు. జేసన్ కిడ్ 40 ఏళ్లకు 2013 జూన్‌లో ఆట మానేసి, పది రోజులు తిరక్కుండానే బ్రూక్లిన్ నెట్స్ కోచ్ అయ్యాడు. అలాంటివాళ్లు ఉంటారు, లేరని కాదు. మీ అన్న ఆదివారం ప్రాక్టీసులో చిన్న పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడో ఒకసారి పక్కన నిలబడి వినండి. ఓపిక ఉంటే కోచ్ చెయ్యండి, లేదంటే వద్దు. ఇంకో మాట, ఆడేవాడూ కోచూ కెప్టెనూ మూడూ అతనే అయితే అతన్ని లేపి బెంచ్ మీద కూర్చోబెట్టేది ఎవరు? తనను తాను సబ్ చేసుకున్న అన్నను నేనింతవరకూ చూడలేదు.

నాలుగోది, షాలువా కప్పి పంపించడం. ఇది మనకు అన్నిటికంటే కష్టం, ఒక్కోసారి అన్నిటికంటే అవసరం. 2013 వేసవిలో బోస్టన్ సెల్టిక్స్ తమకు 2008లో కప్పు తెచ్చిన పాల్ పియర్స్‌ను, కెవిన్ గార్నెట్‌ను అదే బ్రూక్లిన్‌కు ఇచ్చేసింది. ఒకరికి 35, ఇంకొకరికి 37. అభిమానులు బాధపడ్డారు. బదులుగా వచ్చిన డ్రాఫ్ట్ హక్కుల (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతుల) నుంచే తర్వాత జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ బోస్టన్‌కు వచ్చారు, 2024లో వాళ్లిద్దరూ కప్పు తెచ్చారు. బ్రూక్లిన్ ఆ ఇద్దరు పెద్దవాళ్లతో మొదటి ఏడాది రెండో రౌండులోనే మయామి చేతిలో ఓడి ఇంటికొచ్చింది. మనకు డ్రాఫ్టులూ ట్రేడులూ లేవు, అన్న వెళ్తే బదులుగా ఎవరూ ఏమీ ఇవ్వరు. మనకు వచ్చేది 20 ఏళ్ల కుర్రాడికి దొరికే నిమిషాలు, అంతే. ఆ నిమిషాలు తీసుకునే కుర్రాడు మీ దగ్గర లేకపోతే పంపించి సాధించేది కూడా ఏమీ లేదు.

కంటితో కాదు, కాగితంతో చూడండి

అన్న మీద ప్రేమ ఉన్నవాడికి అతని పాసులే కనిపిస్తాయి, కోపం ఉన్నవాడికి అతను పోగొట్టిన బంతులే కనిపిస్తాయి. కాబట్టి కాగితం మీద పెట్టాలి. స్కోరర్ టేబుల్ పక్కన ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి, అన్న దిగినప్పుడు స్కోరెంత, లేచినప్పుడు స్కోరెంత రాయించండి. 18-20తో వెనకబడి ఉన్నప్పుడు దిగి, 27-24తో ముందున్నప్పుడు లేచాడనుకోండి, రెండు వెనక నుంచి మూడు ముందుకు వచ్చాం, అంటే ఐదు లాభం. ఒక మ్యాచ్ లెక్క ఏమీ చెప్పదు. నాలుగైదు మ్యాచ్‌లు కలిపి చూస్తే కథ బయటపడుతుంది. అన్న ఒక్క బుట్ట వెయ్యకపోయినా అతను ఉన్నప్పుడు టీము ముందుకెళ్తూ ఉండొచ్చు. 14 పాయింట్లు కొట్టిన రోజే టీము వెనక్కి పోతూ ఉండొచ్చు. రెండోది మనకు ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే 14 కొట్టాలంటే చాలా షాట్లు వెయ్యాలి, చాలా షాట్లు వేసినవాడు వెనక్కి ఉరకడు.

ఆ వెనక్కి ఉరకడం సంగతే అసలు పరీక్ష. ఎవరైనా ఫోనును ఫెన్సింగ్‌కు కట్టి మూడో క్వార్టర్ మొత్తం వీడియో తీయండి. బంతిని చూడకండి, అన్ననే చూడండి. మన షాట్ తప్పి అవతలివాళ్లకు రీబౌండ్ దొరికిన క్షణంలో అతను ఏం చేస్తున్నాడు? తిరిగి మొదటి మూడడుగులు వేగంగా వేస్తున్నాడా, లేక రిఫరీ వైపు చేతులు చాపి ఫౌల్ అడుగుతున్నాడా? సగం గీత దాటేసరికి నడకలోకి దిగిపోతున్నాడా? క్వార్టర్‌లో మూడు నాలుగు సార్లు అవతలివాళ్లు ఐదుగురు మన నలుగురి మీదికి వస్తున్నారంటే, అన్న అనుభవం వల్ల వచ్చిన లాభమంతా అక్కడే పోతోంది. ఈ వీడియోను గ్రూపులో పెట్టొద్దు. అన్నకు ఒక్కడికే చూపించండి. చాలామంది అన్నలు అది చూశాక మాట్లాడకుండా తలూపుతారు.

ఫ్రీ త్రోకు ఇంకో చిన్న పరీక్ష. కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు ఉరికించి, నీళ్లు తాగనివ్వకుండా పది వేయించండి. ఏడు పడితే ఆఖరి నిమిషాలకు మీ మనిషి దొరికినట్టే. ఐదో నాలుగో పడితే ఆ ఆశ వదులుకోండి.

లైట్ల తాళం ఎవరి దగ్గరుంది?

ఇక బయటికి ఎవరూ అనని మాట. చాలా టీముల్లో అన్న ఆటగాడు మాత్రమే కాదు. కొత్త బంతి కొన్నది అతను. జెర్సీలకు సగం డబ్బు పెట్టింది అతను. గ్రౌండు పర్మిషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది, రాత్రి ప్రాక్టీసుకు లైట్లు వేయించేది అతనే. మ్యాచ్ అయ్యాక దావత్ కూడా అతని ఖర్చే. ఇలాంటి అన్నను లిస్టులోంచి తీస్తే పోయేది ఒక సెంటర్ ప్లేయర్ కాదు, టీము ఆఫీసే పోతుంది.

కాబట్టి ఆ రెండు పనులనూ ముందే విడదీయండి. సీజన్ మొదట్లోనే ఖర్చులన్నీ రాసి ఉద్యోగం చేస్తున్న ప్రతి ఒక్కరికీ వంతు వెయ్యండి, పర్మిషన్ల పని ఇంకొకరికి నేర్పించండి. డబ్బు పెట్టినవాడు ఎక్కువసేపు ఆడాలన్న లెక్క మొదలైతే ఆ టీములో రేపు 20 ఏళ్ల వాడు ఉండడు, పక్క టీముకు పోతాడు. అన్నకు కూడా ఇది మంచిదే. నేను ఆడుతున్నది ఆట వల్లా, డబ్బు వల్లా అన్న అనుమానం అతనికి మాత్రం లేకుండా ఉంటుందా?

ఎలా చెప్పాలి

లిస్టు పెట్టకముందే చెప్పాలి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. గ్రూపులో పేరు లేకపోవడం చూసి అన్న తెలుసుకుంటే ఆ మాట పదేళ్లు ఉంటుంది. చెప్పేవాడు కెప్టెనే కావాలి, అన్నతో కలిసి కాలేజీ టీములో ఆడిన సోపతి అయితే ఇంకా మంచిది. "అన్నా, ఈసారి జర రెస్ట్ తీస్కో" లాంటి నాజూకు మాటలు వద్దు, అతను దాన్ని రెస్ట్ అనే అనుకుంటాడు. "అన్నా, ఈ టోర్నీల నిన్ను ఫస్ట్ ఫైవ్‌ల దింపుతలేను. రెండో క్వార్టర్ల ఒకసారి, ఆఖరి ఐదు నిమిషాలు ఒకసారి దిగుతవు. జోన్‌ల వెనక నువ్వే" అని పని చెప్పండి. ఏ పనీ లేకుండా బెంచ్ మీద కూర్చోమంటేనే ఎవరికైనా మనసు నొచ్చుకుంటుంది. గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో ఆండ్రే ఇగువొడాలా అప్పటిదాకా తన కెరీర్‌లో ప్రతి మ్యాచ్‌నూ మొదటి నుంచే ఆడినవాడు. 2014-15లో కొత్త కోచ్ స్టీవ్ కెర్ బెంచ్ మీద నుంచి రమ్మన్నాడు, వచ్చాడు. లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి ఐదుగురిలో లేడు. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. ఈ కథ అన్నకు చెప్పండి, పని చేస్తుంది.

ఒక టోర్నీకే చెప్పండి. ఎప్పటికీ అని చెప్పకండి, ఎందుకంటే జనవరిలో ఇద్దరు కుర్రాళ్లు పరీక్షలని రాకపోతే మళ్లీ మీరే ఫోన్ చెయ్యాలి.

త్రీ ఆన్ త్రీ గురించి ఒక్క ముక్క. సగం కోర్టే కదా, అన్నకు తేలికని కొందరు అందులోకి తోస్తారు. తప్పు. టీములో మొత్తం నలుగురే, షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికి గడువు) 12 సెకన్లు, పది నిమిషాలో 21 పాయింట్లో అయ్యేదాకా ఊపిరి తీసుకునే సందు ఉండదు. జోన్ వెనక దాక్కునే చోటు అక్కడ లేదు. అన్నను ఐదుగురి ఆటలోనే ఉంచండి.

మీరు బెంచ్ అంటే ఒప్పుకోక అన్న పక్క ఊరి టీముకు వెళ్లిపోతే? వెళ్తాడు, కొందరు వెళ్తారు. అప్పుడు బాధపడుతూ కూర్చోకుండా రెండు పనులు చెయ్యండి. మీ సైగలు, సైడ్ నుంచి బంతి వేసే పద్ధతులు అన్నీ మార్చండి, అవి సగం అతను నేర్పినవే. మీ గార్డు ఎడమచేత్తో డ్రిబుల్ చెయ్యలేడని కూడా అతనికి తెలుసు, ఆ కుర్రాడికి ఆ నెలంతా ఎడమచేతి ప్రాక్టీసే పెట్టండి. మ్యాచ్ రోజు మొదటి విజిల్ నుంచే ఫాస్ట్ బ్రేక్ ఆడండి. అన్న ఎన్ని నిమిషాలకు నిక్కరు అంచులు పట్టుకుంటాడో మీకంటే బాగా ఎవరికి తెలుసు?